రుక్కమ్మ వంటింటి నల్ల తీగ

తంగళ్ళపల్లిలో రుక్కమ్మ వంటింట్లోకి అడుగుపెడితే గరిటెల డబ్బాలో ఒక టెస్టర్ కనిపించేది. అట్లకాడ, పప్పుగుత్తి, జాలిగరిటె, వాటి సందున పసుపుపచ్చ పిడి ఉన్న టెస్టర్. కొత్తవాళ్ళెవరైనా దాన్ని చూసి నవ్వితే రుక్కమ్మ ఊరుకునేది కాదు.

"నవ్వుతవేంది? కూరల ఉప్పు చూస్తందుకు గరిటె, తీగల కరెంటు చూస్తందుకు గిది. కూరల తప్పు వోతే పారబోస్తం. తీగల తప్పు వోతే మనల్నే పారబోస్తరు."

ఆ వాడలో బల్బు పోతే మగవాళ్ళు సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానా నుంచి వచ్చేదాకా చీకట్లోనే కూర్చునే ఇళ్ళు చాలా ఉండేవి. రుక్కమ్మ ఇంట్లో ఆ కాచుకోవడం లేదు. పగలంతా సిరిసిల్ల సాంచాలకు కండెలు చుట్టేది. కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న కర్ర. దానికి నూలు సమంగా చుట్టాలి, ఒక్క పోగు వదులైనా నేతలో తెలిసిపోతుంది. అలా చుట్టి చుట్టి ఆమె వేళ్ళకు ఒక పట్టు వచ్చింది. ఆ పట్టే ఆమెకు కరెంటు పని నేర్పిందని భర్త నర్సన్న అనేవాడు. నేర్పింది మాత్రం ఆయనే, అది కూడా సముద్రం అవతల నుంచి.

నర్సన్న మస్కట్‌లో కరెంటు పనిచేసేవాడు. అంతస్తు మీద అంతస్తు లేచే మేడల్లో తీగలు లాగడం ఆయన పని. ఇక్కడ ఇంటి వెనక రేకుల వంటిల్లు వేసిన ఏడు, గోడలు లేచాయి, గచ్చు పడింది, కరెంటు ఒక్కటే మిగిలిపోయింది. రుక్కమ్మ ఒక కరెంటాయనను పిలిచింది. రేపన్నాడు, ఎల్లుండన్నాడు. తీరా వచ్చి, అరుగు మీద కూర్చుని బీడీ కాల్చుకుని, సామాను తెస్తానని పోయాడు. ఎదురింటి గంగవ్వ వాకిట్లోంచే అడిగింది.

"ఏమే రుక్కమ్మా, ఆయన పని ఇంట్లనా, అరుగు మీదనా?"

గంగవ్వ మాటలో విషం లేదు, కానీ మొగుడు దూరదేశంలో ఉన్న ఇంటి అరుగు గురించిన మాట అది. వాడంతా వింది. రుక్కమ్మ ఆ సంగతి ఫోనులో నర్సన్నకు చెప్పుకుంది.

"నేనీడ ఎవలెవల మేడలకో తీగలు గుంజుతున్న. నా ఇంట్ల పొయ్యికాడి బల్బుకు ఇంకోడు గావాల్నా?"

"మరి నువ్వే అచ్చి పెట్టు."

"నేను రాలేను గని నా నోరొస్తది. చేతులు నీవి పెట్టు."

"నాకు కండెలు చుట్టుడే ఎరుక, శ్రావణి బాపూ."

"గదే గావాలె. కండె చుట్టెటోళ్ళకు తీగ ముడి నేర్పుడేంది?"

శ్రావణి వాళ్ళ ఒక్కగానొక్క బిడ్డ. అది బడికి పోయిన వేళ చూసి రుక్కమ్మ ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి నిలబెట్టేది. నర్సన్న ముఖం అందులోంచి వంటిల్లంతా చూసేది. ఆయన చెప్పిన మొదటి పని తీగది కాదు.

"మెయిన్ బంద్ జేసినవా?"

"చేసిన."

"గట్ల చాలదు. ఎవలో ఒకలు అచ్చి తెల్వక ఏస్తరు. ఫ్యూజు పీకు."

పీకింది. చేతిలో తెల్లటి పింగాణీ ముక్క.

"ఇగ దాన్ని కొంగున ముడేసుకో. నేను విప్పుమనేదాక విప్పకు. నువ్వు పని మీదుంటే ఆ ఫ్యూజు నీ ఒంటి మీదుండాలె. నీ పానం నీ కొంగుల ఉన్నట్టు."

సామాను కోసం సిరిసిల్ల వెళ్ళినప్పుడు కొట్టతను ఎర్ర తీగ చుట్ట తీసి ముందు పెట్టాడు. రుక్కమ్మ దాన్ని పక్కకు నెట్టింది. ఆమెకు ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే పాఠం వచ్చు: నల్లది మంట, నీలిది చల్లది, పచ్చది భూమికి. నర్సన్న ఫోనులో మళ్ళీ మళ్ళీ చెప్పించాడు. కరెంటు వచ్చే తీగ నలుపు, తిరిగి పోయేది నీలం, భూమిలోకి దిగేది పచ్చ.

"ఎర్రది వద్దా అక్కా?"

"మా ఇంటాయన నల్లదన్నడు. ఆయనకు తెల్వదా?"

గోడ వెంట పైపులు బిగించింది. పైపుల్లో తీగలు నడిపింది. తీగ చివర తోలు తీసి, రాగి పోగులను కండె మీద నూలు చుట్టినట్టు ఒద్దికగా మెలేసింది. "ఇంకో మెలిక," అనేది ఫోను. "చాలు, గట్టిగ గుంజి చూడు." చివరి రోజు కొంగు ముడి విప్పి ఫ్యూజు పెట్టి, మెయిన్ వేసి, స్విచ్చి నొక్కింది. పొయ్యి మీద బల్బు వెలిగింది. బియ్యం డబ్బా దగ్గర నుంచి ఒక్కసారిగా చప్పట్లు వినిపించి రుక్కమ్మ ఉలిక్కిపడింది. నర్సన్న గదిలో ఉండే మనుషులంతా ఆయన భుజాల వెనక చేరి చూస్తున్నారు.

"వదినా, మా కంపెనీల చేరుతవా?" అని ఎవరో అరిచారు.

రుక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వంటిల్లు నవ్వింది, మస్కట్ నవ్వింది.

ఆ వంటిల్లు కొన్నేళ్ళు ఏ పేచీ లేకుండా నడిచింది. తర్వాత ఒకసారి పంకా ఆగిపోయింది. రుక్కమ్మ కండెలు అప్పజెప్పడానికి కార్ఖానాకు వెళ్ళింది. ఉక్కకు తాళలేక శ్రావణి, దారిన పోతున్న ఒక కరెంటాయనను లోపలికి పిలిచింది. రుక్కమ్మ తిరిగి వచ్చేసరికి ఆయన వాకిట్లో నిలబడి చెయ్యి విదిలించుకుంటూ వాడకు వినపడేలా తిడుతున్నాడు.

"ఏ బుద్ధి లేనోడు చేసిండే గీ వైరింగు! నల్లదాంట్ల కరెంటు పెడ్తరా ఎవలన్న? నల్లది సల్లగుంటదని పట్టుకుంటి, జబ్బదాక గుంజింది!"

రుక్కమ్మ చేతి సంచి కింద పెట్టింది.

"జేబుల టెస్టర్ ఉన్నది గద నీకు. పెట్టి చూస్తే నీ సొమ్మేం బోయింది?"

"నల్లదానికి టెస్టర్ పెట్టుడేందమ్మా! చిన్న పోరనికి ఎరుకే నల్లది న్యూట్రల్ అని."

"మా ఇంట్ల కాదు. మా ఇంట్ల నల్లది మంట. చేసినాయనను బుద్ధి లేనోడు అన్న నోటితోని నా గడప దాటకు. పో."

ఆయన పోయాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లోకి మరో కరెంటు మనిషి రాలేదు; పంకాను కూడా రుక్కమ్మే ఫోను పెట్టుకుని బాగుచేసుకుంది. కానీ రుక్కమ్మ మనసులో ముల్లు ఉండిపోయింది. ఫోనులో చెబితే నర్సన్న నెత్తి కొట్టుకున్న చప్పుడు వినిపించింది.

"అగో, తప్పు నాదేనే రుక్కా. ఈడ నల్లది మంట, నీలిది న్యూట్రల్. గదే లెక్క నోట్ల నాని నీకు చెప్పిన. మనకాడ గా రెండూ ఉల్టా. నీలిది చూస్తే మనోళ్ళు కరెంటు అనుకుంటరు, నల్లది చూస్తే సల్లటిదనుకుంటరు. ఆయన తిట్టుడు బరాబరే."

"మరెట్ల?"

"నేను అచ్చినంక మారుస్త. గప్పటిదాక ఎవల్నీ చెయ్యి పెట్టనీయకు."

నర్సన్న మస్కట్ వదిలేసి ఇంటికి వచ్చినప్పుడు నిజంగానే స్టూలు వేసుకుని బోర్డు విప్పాడు. విప్పి, అలా చూస్తూ నిలబడ్డాడు. ముళ్ళన్నీ ఒక్క తీరున ఉన్నాయి. ఒక్క పోగు బయటికి రాలేదు. చాలాసేపటికి మళ్ళీ మరలు బిగించి దిగాడు.

"ఏమాయె?" అంది రుక్కమ్మ.

"నా కింద పనిచేసినోడు ఒక్కడు గిట్ల ముడెయ్యలే. నీ చెయ్యిని పీకబుద్ధి అయితలేదు. ఉండనీ, మన ఇంటి లెక్క మనకెరుకే గద."

ఆ మాట రుక్కమ్మ చెవిలో చాలాకాలం ఉండిపోయింది. ఎందుకంటే ఆ తర్వాత నర్సన్న ఎక్కువ కాలం లేడు. చిక్కుడు పందిరికి గుంజలు పాతుతూ, గుండె పట్టుకుని కూర్చుని, మళ్ళీ లేవలేదు. ఇల్లు ఖాళీ అయిన ఆ రోజుల్లో రుక్కమ్మ వంటింట్లోనే ఎక్కువ కూర్చునేది. స్విచ్చి నొక్కితే పంకా తిరిగేది. ఆయన చెప్పింది తిరుగుతున్నట్టే అనిపించేది.

శ్రావణి పెళ్ళయి కోరుట్లలో స్థిరపడింది. ఒక్కతే ఉన్న తల్లికి ఏదో ఒక వ్యాపకం ఉండాలని, ఆమె చేసిన సకినాలు తీసుకెళ్ళి తన వాడలో పంచింది. కోరుట్ల నుంచి జగిత్యాల దాకా నోటి మాట పోయింది. నువ్వులు, వాము సమంగా పడిన ఆ సకినాలు ఎవరు చుట్టారో అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. కండెలు చుట్టిన వేళ్ళు ఇప్పుడు పిండి చుట్టాయి. బియ్యం పట్టడానికి ఇంట్లోనే పెట్టుకునే చిన్న గిర్ని వచ్చింది, కరెంటు పొయ్యి వచ్చింది.

ఒక పొద్దున రెండూ ఒకేసారి నడుస్తుంటే బోర్డు దగ్గర రబ్బరు కాలిన వాసన వచ్చింది. రుక్కమ్మ అరచెయ్యి ఆనించి చూసింది. బోర్డు, జ్వరం వచ్చిన పిల్ల నుదురులా ఉంది. వెంటనే మెయిన్ బంద్ చేసింది. ఆ వారమే వచ్చిన శ్రావణికి ఆ సంగతి దాచలేకపోయింది.

"కరెంటాయనను పిలుద్దామవ్వా."

"ఎందుకు? నేను కొత్త లైను గుంజుత. గప్పుడు గుంజలేదా?"

"గప్పుడు ఒక్క బల్బు, ఒక్క పంకా. ఇప్పుడు గిర్ని, పొయ్యి."

"పైపు గదే, గోడ గదే, చేతులు గవే."

శ్రావణి బోర్డు వైపు చూసి, గొంతు తగ్గించి అంది. "చేతులు గవే అవ్వా. చెప్పెటందుకు బాపు లేడు."

రుక్కమ్మ, బిడ్డ కూరగాయలకు వెళ్ళగానే ఫ్యూజు పీకి కొంగున ముడేసుకుంది. స్టూలు ఎక్కి బోర్డు విప్పింది. నల్ల తీగకు టెస్టర్ పెట్టి చూసింది; చల్లగా ఉంది. తోలు గట్టిపడి, వేలు తగలగానే ఎండిన ఆకులా పొడి రాలింది. ఈ తీగ ఎంత బరువు మోస్తుంది? గిర్నికి ఎంత లావు తీగ కావాలి? మీటరు దగ్గర నుంచి కొత్తది తేవాలా, ఇక్కడి నుంచి చాలా? ఆలోచిస్తూనే దిగి, ఫోను తీసి, బియ్యం డబ్బాకు ఆనించి నిలబెట్టింది.

నల్లటి అద్దంలో తన ముఖం కనిపించింది.

పని సగం చేతులది, సగం కళ్ళదని ఆమెకు ఆ క్షణంలో అర్థమైంది. ఆ కళ్ళు ఇప్పుడు లేవు. ధైర్యం ఉంది, ముడి ఉంది, అంతకు మించి తనకు తెలియనిది ఒకటి ఉంది. ఉప్పు చూడకుండా వడ్డించే మనిషి కాదు తను.

శ్రావణి వచ్చేసరికి బోర్డు మళ్ళీ బిగించి ఉంది.

"పిలువు బిడ్డా. కానీ బాపును తిట్టేటోడు వద్దు."

శ్రావణి నలుగురిని అడిగి ఏసుబాబును పట్టుకొచ్చింది. ఎల్లారెడ్డిపేట మనిషి, నలభై దాటాడు, సిరిసిల్లలో ఉంటూ ఇళ్ళకు, కార్ఖానాలకు పనిచేస్తాడు. వచ్చీ రాగానే మీటరు దగ్గరికి పోయి మెయిన్ కిందికి వేశాడు.

"బంద్ జేసిన అక్కా."

"ఫ్యూజు పీకి నాకియ్యి."

"బంద్ జేసిన గదక్కా?"

"ఎవలన్న ఏస్తే? ఇయ్యి. నా ఇంట్ల పనిచేసెటోని పానం నా కొంగులుంటది."

ఏసుబాబు నవ్వి, పీకి ఇచ్చాడు. రుక్కమ్మ ముడేసుకుంది. "ఇంకో మాట. మా ఇంట్ల నల్లది..."

"చూస్త ఉండక్కా," అంటూ అతను బోర్డు విప్పి, తీగ తీగకూ టెస్టర్ పెట్టాడు. తర్వాత పని ఆపి, నర్సన్న ఒకప్పుడు నిలబడ్డట్టే నిలబడిపోయాడు. రుక్కమ్మ కొంగు ముడిని పట్టుకుంది. వాకిట్లో తిట్టిన ఆ పాత గొంతు చెవిలో మోగింది.

"అన్న గల్ఫుల యాడ చేసేటోడక్కా?"

"మస్కట్ల. నీకెట్ల తెలుసు?"

"గీ తీగలు చెప్తున్నయి. స్విచ్చిలకు పోయింది నల్లది, అంటే నల్లది మంట, నీలిది సల్లది. ఈడ ఎవ్వడు గిట్ల పెట్టడు. నేను దోహల చేసిన. తిరిగొచ్చిన కొత్తల నా చెయ్యి గూడ అటే పోతుండె. మా వదిన ఇంట్ల గిట్లనే పెట్టి తిట్లు తిన్న." మరి కొంచెం వంగి చూశాడు. "మస్తు పనోడక్కా అన్న. గీ జాయింట్లు చూడు, మిషను కొట్టినట్టు!"

"చెప్పింది ఆయన," అంది రుక్కమ్మ. తల ఎత్తి, "జాయింట్లు నావి."

ఏసుబాబు స్టూలు మీద నుంచే వెనక్కి తిరిగాడు. "నిజంగనా?"

"మా అవ్వనే," అంది శ్రావణి. "బాపు ఫోనుల చెప్తుంటే చేసింది."

"అబ్బో! మా సూపర్‌వైజరు చూస్తే నీకు వీసా పంపుతుండె అక్కా."

"గప్పుడే పిలిచిండ్రు. ఈడ కండెలు చుట్టెటోళ్ళు లేరని పోలే."

ముగ్గురూ నవ్వారు. నవ్వు ఆగాక ఏసుబాబు నిదానంగా చెప్పాడు. ముళ్ళు గట్టివే కానీ తీగ సన్నం, గిర్ని బరువుకు ఉడికిపోయింది. మీటరు దగ్గర నుంచి వంటింటికి లావు తీగ విడిగా తేవాలి, గిర్నికీ పొయ్యికీ వేరు వేరు లైన్లు ఉండాలి, తేడా వస్తే తానే పడిపోయే స్విచ్చి పెట్టాలి, ఎర్తింగు గుంత కూడా చూడాలి.

"రంగులు మాత్రం నువ్వు చెప్పినట్టే అక్కా. మీ ఇంటి లెక్కే ఉంచాల్నా, ఈడి లెక్క పెట్టాల్నా?"

శ్రావణి తల్లి ముఖం చూసింది. రుక్కమ్మ బోర్డులోని తన ముళ్ళను చూస్తోంది. వాటిని పీకలేక స్టూలు దిగిన మనిషి కనిపిస్తున్నాడు. ఆయన పోయాక ఆయన మాట పీకలేక తనూ అలాగే దిగింది. ఒకరి మీద ఒకరికి ఉన్న గౌరవం ఇన్నేళ్ళూ గోడలో మంటై కూర్చుంది. ఒక మనిషిని అది గుంజింది కూడా. రేపు శ్రావణి ఈ వంటింట్లో నిలబడుతుంది. శ్రావణి పిలిచిన మరెవరో నల్లదాని మీద చెయ్యి వేస్తారు.

"ఆయన నా చెయ్యి అని తియ్యలే. నేను ఆయన మాట అని తియ్యలే," అంది. "ఇద్దరం గలిసి ఇంట్ల పామును పెంచినం. ఈడి లెక్కే పెట్టు తమ్మీ. ఎర్రది మంట, నల్లది సల్లది. ఎవలు అచ్చి చూసినా తెల్వాలె."

ఏసుబాబు కొత్త తీగలు తెచ్చాడు. పైపులు బాగానే ఉన్నాయి, వెడల్పుగా ఉన్నవే వేయించాడు నర్సన్న. తీగలు లాగే ముందు ఏసుబాబు పాత నల్ల తీగ చివరకు కొత్త ఎర్ర తీగ కొసను కట్టబోయాడు. అది ఆ పనిలో అందరూ చేసేదే: పాతది ఇటు లాగితే, కొత్తది దాని వెంటే పైపులోకి నడిచి వస్తుంది. విడిగా దారి వెతకక్కర్లేదు.

"ఆగు," అంది రుక్కమ్మ. "ముడి నేనేస్త. నువ్వేస్తే నడుమల ఊడుతది."

"ఏయక్కా. సూపర్‌వైజరువు నువ్వే."

కొస కొసకు కలిపి, కండె మీద పోగు నిలిపినట్టు మెలేసి, పైన టేపు చుట్టింది. ఏసుబాబు మీటరు వైపు నిలబడి కొత్త తీగను పైపులోకి అందిస్తున్నాడు. వంటింట్లో బోర్డు దగ్గర రుక్కమ్మ పాత నల్ల తీగను పట్టుకుని లాగుతోంది.

"గుంజక్కా!"

"గుంజుతున్న. నువ్వు వదులు!"

మూల మలుపులో ఒకసారి తట్టుకుంది. శ్రావణి ముందుకు వచ్చింది. రుక్కమ్మ వద్దని తల ఊపి, తీగను కొంచెం వెనక్కి వదిలి, మళ్ళీ నిదానంగా లాగింది. ముడి కదిలింది. నర్సన్న నోటితో నడిపించిన తీగ, ఆమె చేతిమీదుగా జారి, పాదాల దగ్గర చుట్టలుగా పడుతోంది. చివరకు పైపు నోట్లోంచి తన ముడి బయటికి వచ్చింది, దాని వెనకే ఎర్రటి కొస.

"అచ్చింది!" అని అరిచింది రుక్కమ్మ. బల్బు మొదటిసారి వెలిగిననాటి గొంతు అది. శ్రావణి చప్పట్లు కొట్టింది.

మిగిలిన పని ఏసుబాబుదే. బోర్డు ఎలా నింపాలో, ఏ లైను ఎక్కడికో అతను చెబుతూ చేశాడు, రుక్కమ్మ అడుగుతూ విన్నది. ఒక్కసారి కూడా అతని పనిలో వేలు పెట్టలేదు. అంతా అయ్యాక అతను దిగి చెయ్యి చాపాడు. ఆమె కొంగు ముడి విప్పి ఫ్యూజు అరచేతిలో పెట్టింది. వెలుతురు వచ్చింది. గరిటెల డబ్బాలోంచి టెస్టర్ తీసి ఒక్కో ప్లగ్గూ తనే చూసుకుంది. గిర్ని వేసి, పొయ్యి వేసి, బోర్డు మీద అరచెయ్యి పెట్టి నిలబడింది. చల్లగా ఉంది.

"మంచిగున్నది పని," అంది. ఏసుబాబు ముఖం వికసించింది. ఆ మాట ఎవరి నోటి నుంచి వస్తోందో అతనికి తెలుసు.

పాత నల్ల తీగనూ నీలి తీగనూ ఆమె పారెయ్యలేదు, పెట్టెలో దాచనూ లేదు. నర్సన్న పాతిన గుంజల మీద చిక్కుడు పందిరి అల్లింది వాటితో. తర్వాత చిక్కుడు తీగ వాటిని పట్టుకుని పాకింది.

పని అయిన రోజు సాయంత్రమే గంగవ్వ వచ్చి వంటింటి గడపలో నిలబడింది.

"ఏమే, కరెంటోన్ని పెట్టుకున్నవట? ఎవ్వన్ని రానియ్య అంటివి. నీ పంతం ఏమాయె?"

"పంతం ఏడికి పోలే. మంచోన్ని పెట్టుకున్న. మంచోడో కాడో నాకు తెల్సి పెట్టుకున్న."

"అబ్బా, నీకేం తెలుస్తది?"

"ఎరుకలేనోడు నల్ల తీగను చూసి తిట్టిండు. ఎరుకున్నోడు నల్ల తీగను చూసి మా ఇంటాయన యాడ చేసేటోడో చెప్పిండు. ఇంకేం గావాలె?"

గంగవ్వ బోర్డు వైపు చూసింది. తర్వాత దగ్గరికి జరిగి మెల్లగా అంది. "మా ఫ్రిజ్జు ముట్టుకుంటే చేతికి సుర్రుమంటున్నదే. మా పెద్దోడు నేనే చూస్త అంటుండు. జర అచ్చి చూడరాదూ."

రుక్కమ్మ గరిటెల డబ్బాలోంచి టెస్టర్ తీసుకుంది. వాకిలి దాటి, గంగవ్వ ఇంటి మీటరు దగ్గర ఆగింది.

"నేను చూసుడే చేస్త. పని ఏసుబాబు చేస్తడు, రేపు అస్తడు. నీ పెద్దోన్ని తీగ ముట్టద్దను." ఫ్యూజు పీకి గంగవ్వ అరచేతిలో పెట్టింది. "అప్పటిదాక గిది పట్టు. చేతుల గాదు, కొంగున ముడేసుకో. నేను విప్పుమనేదాక విప్పకు."